ఎత్తేటప్పుడు బరువా, దించేటప్పుడా? మా కొట్టు షట్టర్‌తో నా అనుభవం

"ఆఉ టికే" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒడియాలో "ఇంకొంచెం" అని అర్థం. మా షట్టర్ బాగుచెయ్యడానికి వచ్చిన ప్రతి మేస్త్రీ నిచ్చెనెక్కి, పైపు రెంచి బిగించి పట్టుకుని, అవతలి చివర ఉన్న కుర్రాడితో అన్న మాట అదే. స్ప్రింగు ఇంకొంచెం బిగిసేది. నేను డబ్బులిచ్చేదాన్ని. నెల రోజులు షట్టర్ తేలిగ్గా లేచేది. ఆ తరవాత మళ్లీ మొదటికొచ్చేది.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో కుట్టు సామాన్ల కొట్టు. దారాలు, లైనింగు గుడ్డ, ఫాల్స్, జిప్పులు, బొత్తాలు. బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. సగం బేరం ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చే టైలర్లదే. షట్టర్ 2012 దసరా ముందు పెట్టించాం. 8 అడుగుల వెడల్పు, చేత్తో లాగేది, మోటారు లేదు. రేకు మందమెంత, రంగేమిటి అన్నవి ఏ వెల్డింగు షాపులో అడిగినా చెబుతారు, నేను వాటి జోలికి పోను. నాకు చెప్పాలనుంది స్ప్రింగు టెన్షన్ గురించే.

మొదటి ఆరేళ్లూ నాకు ఆ షట్టర్ మీద ఎంత మురిపెమో చెప్పలేను. ఒక చేతిలో క్యారేజీ, రెండో చేత్తో షట్టర్. నడుం దాకా లేపి వదిలేస్తే అక్కడే నిలబడేది. పక్క కొట్టువాళ్లకి ఆపి మరీ చూపించేదాన్ని. అది ఎందుకలా ఆగుతుందో అప్పట్లో నాకు తెలియదు. తరవాత తెలుసుకోక తప్పలేదు.

పైనున్న పెట్టెలో ఒక పైపు అడ్డంగా ఉంటుంది. రెండు చివరలా క్లాంపులతో బిగించేసి ఉంటుంది కాబట్టి అది కదలదు. దాని మీద డ్రమ్ములు తిరుగుతాయి. ఒక్కో డ్రమ్ములో గోడ గడియారం స్ప్రింగులా చుట్టిన ఉక్కు పట్టీ. దాని ఒక కొస పైపుకి, రెండో కొస డ్రమ్ముకి తగిలించి ఉంటాయి. షట్టర్‌ని కిందికి దించే కొద్దీ వేలాడే బరువు పెరుగుతుంది, ఆ స్ప్రింగూ బిగుసుకుంటూ వస్తుంది. రెండూ సరితూగితే ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. స్ప్రింగు వదులైతే ఎత్తడం కష్టం, పైన ఆగక జారిపోతుంది. మరీ బిగుతైతే కింద ఆగదు, చెయ్యి వదలగానే పైకి లేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. పలాస దగ్గర తీరం దాటిన తుఫాను మా గజపతి జిల్లా మీదుగానే పోయింది. దసరా సరుకంతా కొట్లో ఉంది. తెల్లారాక వెళ్లి చూస్తే షట్టర్‌కి ఒక పెద్ద కొమ్మ ఆనుకుని పడి ఉంది, అడుగున రెండు మూడు రేకు పట్టీలు చొట్టపోయాయి. కొమ్మ తీసి లాగితే లేచింది. అదే చాలనుకున్నాం. మా పక్కది మోటారు షట్టర్. కరెంటు రోజుల తరబడి రాలేదు. చేత్తో లాగే గొలుసు దానికీ ఉంది గానీ, ఏనాడూ వాడకపోవడంతో బిగుసుకుపోయింది. వాళ్లు మూసిన కొట్టు ముందు కుర్చీలేసుకుని కూచుంటే లోపల్నుంచి టీ పంపించాను, కాస్త గర్వంగానే.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. సంక్రాంతి నాటికి షట్టర్ బరువెక్కింది. రెండు చేతులూ పెట్టాలి, మోకాలు వంచి లేపాలి. మొదటి మేస్త్రీ వచ్చి చూడగానే, "స్ప్రింగు నీరసించిపోయిందమ్మా" అన్నాడు. షట్టర్‌ని పూర్తిగా పైకి చుట్టి, తాడుతో కట్టి, క్లాంపు నట్లు వదులు చేసి, రెండు రెంచీలతో పైపుని అర చుట్టు తిప్పి మళ్లీ బిగించాడు. షట్టర్ దిగేటప్పుడు డ్రమ్ము ఏ వైపు తిరుగుతుందో, పైపుని దానికి ఎదురు వైపు తిప్పితే టెన్షన్ పెరుగుతుంది. చూడ్డానికి తేలికే. కానీ ఆ రెంచి గానీ జారిందంటే పైపు గిర్రున వెనక్కి తిరుగుతుంది, మణికట్టు విరిగినా ఆశ్చర్యం లేదు. మా ఆయన ఒకసారి "నేను తిప్పుతానుండు" అని నిచ్చెనెక్కబోతే కిందికి దించేశాను.

ఏడాది తిరగ్గానే ఇంకో మేస్త్రీ, ఇంకో అర చుట్టు. ఆ పై ఏడాది ఇంకొకడు, ఇంకో అర చుట్టు. ఆఉ టికే, ఆఉ టికే.

మూడోసారి తరవాత కొత్త తంటా మొదలైంది. షట్టర్ నేల దాకా వచ్చి, చెయ్యి తియ్యగానే అంగుళంన్నర పైకి లేచేది. తాళం పుల్లలు కన్నాల్లోకి వెళ్లవు. ఎడమ కాలు అడుగు పట్టీ మీద వేసి తొక్కి పట్టి, నడుం వంచి కుడి వైపు తాళం తిప్పాలి. ఇటు తిప్పేలోగా అటు మూల లేస్తుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఇదే విన్యాసం. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఆగి చూసేవాళ్లు. ఒక గడుగ్గాయి అయితే, "మామ్మా, రోజూ షట్టర్‌కి దండం పెడతావేటి?" అని అడిగాడు. నాకు అప్పటికి యాభై రెండు. మామ్మ అన్నందుకు ఎక్కువ కోపం వచ్చింది.

2022 జూన్‌లో, బడులు తెరిచే ముందు, యూనిఫారం గుడ్డలకీ బొత్తాలకీ జనం ఎగబడే రోజుల్లో విరిగింది. పొద్దున్నే లాగుతున్నాను. పైనుంచి టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. ఎడమ పక్క జారి కిందికొచ్చింది, కుడి పక్క పైనే ఉండిపోయింది. షట్టర్ వంకరగా, మోకాలెత్తున ఇరుక్కుపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. బేరానికి వచ్చినవాళ్లు బయట, నేను ఆ సందులోంచి లోపలికి పాకి, దారం రీళ్లు కింద నుంచి అందించాను. ఆ రాత్రి మా ఆయన కొట్లోనే పడుకున్నారు.

విప్పి చూస్తే ఎడమ పక్క స్ప్రింగు పైపుకి తగిలించే కొక్కెం దగ్గర తెగింది. మిగతా చుట్టంతా బాగానే ఉంది. కొత్తది ఎందుకు, కొసని కాల్చి మళ్లీ వంచేస్తే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు. ఖర్చు తగ్గుతుంది కదా అని నేనూ సరేనన్నాను. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచాడు. కాల్చినచోట ఉక్కు మెత్తబడుతుంది. వినాయక చవితి దాటాక ఆ కొక్కెం తెగలేదు గానీ, నిదానంగా విచ్చుకుని జారిపోయింది. మళ్లీ అదే వంకర. ఈ తప్పులో సగం నాదే, ఒప్పుకుంటాను.

అప్పుడు మా ఆడపడుచు పాతపట్నం నుంచి ఒక ముసలి మేస్త్రీని పంపింది. ఆయన స్ప్రింగు ముట్టుకోలేదు. నిచ్చెన కూడా వెయ్యలేదు. ముందు నన్ను అడిగాడు:

"అమ్మా, విరక్క ముందు సంగతి చెప్పు. ఎత్తేటప్పుడు బరువా, దించేటప్పుడు బరువా?"

ఆలోచించాను. "రెండూనండీ. దించడానికీ వేలాడాల్సొచ్చేది."

"మరి స్ప్రింగు తప్పు ఏముంది?"

స్ప్రింగు వదులైతే ఎత్తేటప్పుడు బరువుండాలి, దించేటప్పుడు జారిపోవాలి. రెండు వైపులా బరువుంటే ఎక్కడో రాసుకుంటోందన్న మాట. ఈ ఒక్క ప్రశ్న ముగ్గురు మేస్త్రీల్లో ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

ఆయన కుడి పక్క గైడులో, అంటే షట్టర్ అంచు జారే నిలువు చానల్‌లో, వేళ్లు పెట్టి పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చి, రొమ్మెత్తున ఆగాడు. నా వేలు కూడా పెట్టించాడు. చానల్ అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది, మహా అయితే గోరు మందం. దానికి ఎదురుగా ప్రతి పట్టీ కొసా రంగు పోయి, వెండి పట్టాలా మెరుస్తోంది. తిత్లీ కొమ్మ పడిన చోటు అది. అడుగున చొట్టలు కనబడ్డాయని వాటినే చూశాం, ఇది ఎవరికీ కనబడలేదు. నాలుగేళ్లుగా షట్టర్ అక్కడ రాసుకుంటూ దిగుతోంది, మేమేమో పైన స్ప్రింగు బిగిస్తున్నాం. రాపిడిని గెలవడానికని, అవసరమైన దానికన్నా ఒకటిన్నర చుట్లు ఎక్కువ బిగించాక, షట్టర్ మూసి ఉన్నంతసేపూ, అంటే రాత్రంతా, ఆ కొక్కెం మీదే భారం పడింది.

చానల్‌లో కర్ర ముక్క పెట్టి సుత్తితో కొట్టి అంచు సరిచేశాడు. గైడుల్లో పేరుకున్న తుప్పూ మట్టీ కిరోసిన్ గుడ్డతో తుడిపించాడు, బుట్టెడు వచ్చింది. ఎడమ పక్కకి కొత్త స్ప్రింగు వేశాడు. ఎక్కువైన ఒకటిన్నర చుట్లూ వెనక్కి వదిలేశాడు. ఆ తరవాత షట్టర్‌ని మోకాలెత్తున, నడుమెత్తున, రొమ్మెత్తున ఆపి చూపించాడు. మూడు చోట్లా నిలబడింది. నన్ను లాగమన్నాడు. రెండు వేళ్లతో లేచింది. 2012 నాటి షట్టర్ తిరిగొచ్చినట్టే అనిపించింది. ఆయన ముందు ఏడవడం బాగుండదని లోపలికెళ్లి డబ్బులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఇప్పుడు నేను చేసేదల్లా నెలకోసారి గైడులు పొడి గుడ్డతో తుడవడం. వానాకాలంలో రెండుసార్లు. ముందు కుట్టు మిషను ఆయిల్ పోసేదాన్ని, కొట్లో ఉన్నదే కదా అని. దానికి దుమ్ము అంటుకుని ముద్దకడుతోందని మానేశాను. గ్రీజు పైనున్న స్ప్రింగులకే, అదీ మేస్త్రీ వచ్చినప్పుడు.

ఇలాంటి షట్టర్ కొనొచ్చా అని మా వాళ్లు అడుగుతుంటారు. మాలా 8 అడుగుల వాకిలి, రోజుకి రెండుసార్లు తీసి మూసే పని, చుట్టుపక్కల నమ్మకమైన మేస్త్రీ ఉంటే, నాకైతే ఇదే ఇష్టం. కానీ నా భుజం ఇప్పుడు పదేళ్ల కిందటి భుజం కాదు. మా ఆడపడుచు కొట్టు వాకిలి 14 అడుగులు, దానికి మోటారే పెట్టించుకోమన్నాను. నెలకోసారి గొలుసు లాగి చూసుకోమని కూడా చెప్పాను. మోటారు షట్టర్ల మీద నేను చేసిన వెటకారం కొంత వెనక్కి తీసుకుంటున్నాను, కొంతే.

నేను ముందు చెప్పిన "రెండు వేళ్లతో" అన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ఎడమ స్ప్రింగు కొత్తది, మిగతా రెండూ పాతవి. డబ్బు చూసుకుని ఒక్కటే మార్పించాను. మూడూ ఒకేసారి మార్చమని ఆ ముసలాయన చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు దించేటప్పుడు కుడి మూల వేలెడు ముందు నేలకి తగులుతోంది. తాళం మాత్రం పడుతోంది. దసరా బేరాలయ్యాక ఆయన్నే పిలవాలి. ఈలోగా వేరే ఎవరైనా నిచ్చెన తీసుకుని వస్తే, ముందు గైడులో వేలు పెట్టి చూడమంటాను.