డిఫెన్స్‌మన్‌కు ఏది మేలు: మేజర్ జూనియరా, అమెరికా కాలేజీయా?

కెనడాలోని బ్రాంప్టన్‌లో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెల్లారకముందే పిల్లల్ని ఐస్ హాకీ రింకుకు దింపే మన తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: అబ్బాయికి పదిహేనేళ్లు, డిఫెన్స్ (గోల్‌ను కాపాడే వెనక వరుస) ఆడతాడు, ప్రొఫెషనల్ కావాలంటే కెనడా మేజర్ జూనియర్‌కు (అక్కడి కుర్రాళ్ల అగ్రశ్రేణి లీగ్‌లకు) పంపాలా, అమెరికన్ కాలేజీ దాకా ఆగాలా?

మొన్నటిదాకా ఇది ఒక్కసారే తీసుకునే నిర్ణయం. మేజర్ జూనియర్‌లోని మూడు లీగ్‌లు ఓహెచ్ఎల్, డబ్ల్యూహెచ్ఎల్, క్యూఎంజేహెచ్ఎల్‌లలో ఆడినవాడికి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) తలుపు మూసుకుపోయేది. 2024 నవంబరులో ఆ నిబంధన మారింది, 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు జూనియర్ ఆడి కూడా కాలేజీకి వెళ్లొచ్చు. కాబట్టి అడగాల్సింది ఏ వయసులో ఎక్కడ ఉండాలన్నదే.

ముందు లెక్క చూద్దాం. మేజర్ జూనియర్‌లో రెగ్యులర్ సీజన్ లీగ్‌నుబట్టి 64 నుంచి 68 మ్యాచ్‌లు, ఆటగాళ్లు 16 నుంచి 20 ఏళ్లవాళ్లు. కాలేజీలో అందులో దాదాపు సగమే, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. ఎదురుగా ఉండేది 18 నుంచి 24 ఏళ్ల వాళ్లు. దాడి చేసే ఫార్వర్డ్‌కైతే మ్యాచ్‌లు ఎక్కువుంటే మంచిదనే వాదనలో బలముంది. డిఫెన్స్‌మన్ విషయంలో మాత్రం ఆట తీరును తేల్చేది మ్యాచ్‌ల సంఖ్య కాదు, రెండు మ్యాచ్‌ల మధ్య దొరికే ప్రాక్టీస్.

ఎందుకో ఒక్క పని తీసుకుని చూస్తే తెలుస్తుంది. ప్రత్యర్థి పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) మన కార్నర్‌లోకి కొట్టి వెంటపడ్డాడు. డిఫెన్స్‌మన్ వెనక్కి తిరిగి పరుగెత్తాలి. పక్ చేరేలోపు కనీసం రెండుసార్లు భుజం మీదుగా చూడాలి: తిరిగిన వెంటనే ఒకసారి, గోల్ లైన్ దగ్గర మరోసారి. మొదటి చూపులో ఫోర్‌చెకర్ (వెంటపడుతున్న ప్రత్యర్థి) ఎంత దగ్గరున్నాడో, రెండో చూపులో ఏ వైపు నుంచి వస్తున్నాడో తెలియాలి. దాన్నిబట్టి నెట్ వెనక నుంచి తిప్పుకుని రావాలా, వెనక్కి పార్ట్‌నర్‌కు వదలాలా, బోర్డుల (రింకు చుట్టూ ఉండే గోడ) వెంట బలంగా కొట్టేయాలా అన్నది పక్ ముట్టకముందే తేల్చుకోవాలి. రెండో చూపు మానేసిన కుర్రాడు ప్రతిసారీ బోర్డుల వెంట కొట్టేస్తాడు. పక్ పోదు కాబట్టి కోచ్ తిట్టడు, కానీ అదే అలవాటవుతుంది. జూనియర్‌లో వారాంతంలో మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మధ్యలో రాత్రంతా బస్సు. ఈ అలవాటు ముదిరేది అక్కడే. అలసిన కాలు కొత్త పద్ధతి ప్రయత్నించదు.

గ్యాప్ సంగతీ అంతే. దూసుకొచ్చే ఫార్వర్డ్‌కూ తనకూ మధ్య దూరాన్ని బ్లూ లైన్ (మన వైపు జోన్ మొదలయ్యే గీత) దగ్గరకల్లా స్టిక్ పొడవుకు తగ్గించాలి. చాలామంది చూపు ఎదుటివాడి ఛాతీ మీద కాకుండా పక్ మీద పెడతారు, నడుము తొందరగా తిప్పేస్తారు, ఇక వాడు లోపలి వైపు నుంచి జారుకుంటాడు. పదహారేళ్ల ప్రత్యర్థి మీద తప్పు చేసినా వేగంతో సర్దుకోవచ్చు, ఇరవై మూడేళ్లవాడు సర్దుకోనివ్వడు. కాలేజీలో సోమవారం నుంచి గురువారం దాకా దీన్నే వీడియోలో చూసి, మంచు మీద మళ్లీ మళ్లీ చేసి, జిమ్‌లో కాళ్లు బలపరచుకునే వ్యవధి ఉంటుంది.

కేల్ మకార్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆల్బర్టా జూనియర్ లీగ్‌లో (ఇది మేజర్ జూనియర్ కాదు) బ్రూక్స్‌కు ఆడాడు, 2017లో ఎన్‌హెచ్ఎల్ (అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) జట్లు కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 4వ స్థానంలో ఎంపికయ్యాడు, అయినా మసాచుసెట్స్ యూనివర్సిటీలో రెండేళ్లు ఆడాకే కొలరాడోకు వెళ్లాడు. 2022లో స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్ఎల్ టైటిల్), నోరిస్ ట్రోఫీ (ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చేది) రెండూ అతనివే. ఆడమ్ ఫాక్స్ హార్వర్డ్‌లో మూడేళ్లున్నాడు, 2021లో నోరిస్. (హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఇంటి ఆదాయాన్నిబట్టే సాయం.) క్విన్ హ్యూస్ మిషిగన్ నుంచి వచ్చాడు, 2024లో నోరిస్.

అలాగని జూనియర్‌ను తీసిపారేయలేం. డ్రూ డౌటీ ఓహెచ్ఎల్ జట్టు గ్వెల్ఫ్ నుంచి 18 ఏళ్లకే నేరుగా లాస్ ఏంజెలిస్ జట్టులోకి వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని మార్క్ జియోర్డానో అదే లీగ్‌లోని ఓవెన్ సౌండ్‌లో ఆడి వచ్చి, 35 ఏళ్ల వయసులో 2019 నోరిస్ గెలిచాడు. డంకన్ కీత్ మిషిగన్ స్టేట్ కాలేజీ వదిలి డబ్ల్యూహెచ్ఎల్ జట్టు కెలోనాకు వెళ్లాడు, తర్వాత ఏహెచ్ఎల్‌లో (ఎన్‌హెచ్ఎల్ కింది ప్రొఫెషనల్ లీగ్) రెండు సీజన్లు ఆడి 22 ఏళ్లకు ఎన్‌హెచ్ఎల్ చేరాడు. శరీరం ముందే ఎదిగి, మ్యాచ్‌కు ఇరవై నిమిషాలకు పైగా ఆడగలవాడికి జూనియర్ సరిపోతుంది. ఓహెచ్ఎల్, డబ్ల్యూహెచ్ఎల్ ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది చదువు ఖర్చు కూడా ఇస్తాయి.

మా మొగ్గు మాత్రం కలిపి నడవడం వైపే: 16, 17 ఏళ్లు మేజర్ జూనియర్‌లో, ఆ తర్వాత కాలేజీ. డిఫెన్స్‌మన్ కీటన్ వెర్‌హోఫ్ డబ్ల్యూహెచ్ఎల్ జట్టు విక్టోరియా నుంచి 2025లో 17 ఏళ్లకే నార్త్ డకోటా యూనివర్సిటీకి ఈ దారిలోనే వెళ్లాడు. అయితే 18 ఏళ్లకు కాలేజీలో అడుగుపెడితే ఏడో డిఫెన్స్‌మన్‌గా మిగిలి, మ్యాచ్ రోజున స్టాండ్‌లో కూర్చునే ప్రమాదముంది. మాట ఇచ్చేముందు కోచ్‌ను సూటిగా అడగండి: మావాడు ఏ చేతివాటమో అదే చేతివాటం డిఫెన్స్‌మన్‌లు వచ్చే ఏడాది ఎందరు మిగులుతారు? పెనాల్టీ పడ్డప్పుడు ఎవరిని దింపుతారు? కుడిచేతి స్టిక్ వాళ్లు తక్కువ కాబట్టి వాళ్లకు చోటు త్వరగా దొరుకుతుంది.

అమెరికాలోని జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్ఎల్ కూడా మంచి దారే, అక్కడి నుంచి దాదాపు అందరూ కాలేజీకే వెళ్తారు. యూరప్ అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు సరిపోతుంది, ఇక్కడి నుంచి పంపడానికి కారణం కనిపించదు.

ఎక్కువమంది దెబ్బతినేది చదువు దగ్గర. డివిజన్ వన్ కాలేజీలో ఆడాలంటే 9వ గ్రేడ్ మొదలైన నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో సగటు గ్రేడ్ (జీపీఏ) 2.3 ఉండాలి. జూనియర్ జట్టు కోసం ఊరు మారి కొత్త స్కూల్లో చేరినప్పుడు గణితమో, సైన్సో వెనకబడుతుంది, 12వ గ్రేడ్‌లో చూసుకునేసరికి సర్దుకునే సమయం ఉండదు. జట్టుతో సంతకం పెట్టేముందే కొత్త స్కూల్ కౌన్సిలర్ దగ్గర కూర్చుని ఈ పదహారింటినీ ఏ ఏడాది ఏది పూర్తవుతుందో రాయించుకోండి.