సర్వర్ మార్పించుకుంటున్నారా? బ్యాకప్ తెరిపించి చూశాకే మిగతా డబ్బులివ్వండి

బెంగళూరులో చిన్న ఆఫీసులు నడుపుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను. 'ఇన్‌స్టాలేషన్, బ్యాకప్, మైగ్రేషన్ అన్నీ మాదే బాధ్యత' అని ప్యాకేజీ చెప్పేవాళ్ల చేతిలో నాకు 45 వేలు, ఆపైన తొమ్మిది పని రోజులు పోయాయి.

మాది మారతహళ్లిలో పద్నాలుగు మంది పనిచేసే ఆఫీసు. చిల్లర దుకాణాలకి బిల్లింగ్, లెక్కల సర్వీసు ఇస్తాం. రాత్రి రెండింటికి డేటాబేస్ కాపీ తీయడం, బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్లు దించుకోవడం, పొద్దున తొమ్మిదికి బాకీదారులకి ఎస్సెమ్మెస్ పంపడం... ఇలాంటి 31 జాబులు టైముకి నడిపేది జెంకిన్స్ అనే సాఫ్ట్‌వేర్. అది సెంటోస్ 7 (ఒక రకం లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత మిషన్‌లో ఉండేది. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ అక్టోబరులో వచ్చిన 2.479.1 వెర్షన్ నుంచి జెంకిన్స్ నడవాలంటే కనీసం జావా 17 ఉండాల్సి వచ్చింది, మాది ఇంకా జావా 8 దగ్గరే ఉంది. ఇవన్నీ చూసుకునే కుర్రాడేమో వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

వాట్సాప్ గ్రూపులో ఒకతను దొరికాడు. ఫోనెత్తగానే ఒంగోలు యాస. మనవాడే కదా అని సగం మెత్తబడిపోయాను, అది నా తప్పే. 30 వేలు అడ్వాన్సు, 15 వేలు పనయ్యాక.

శుక్రవారం సాయంత్రం ఉబుంటు (ఇంకో రకం లైనక్స్) మీద కొత్త సర్వర్ లేపాడు. జాబుల పక్కన పచ్చ టిక్కులు చూపించాడు. "పాతది కూడా నాలుగు రోజులు నడవనివ్వండి అన్నా, సేఫ్" అన్నాడు. నాకూ అది జాగ్రత్తగానే అనిపించింది, మిగతా 15 వేలు అప్పుడే ఫోన్‌పే కొట్టేశాను.

సోమవారం ఏడున్నరకి, దుకాణాలు షట్టర్లు ఎత్తే వేళకి, సాఫ్ట్‌వేర్ నత్తలా తయారైంది. కొత్త క్లౌడ్ మిషన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైములో ఉంది. మనకన్నా ఐదున్నర గంటలు వెనక. రాత్రి రెండింటి పని పొద్దున ఏడున్నరకి మొదలైంది. ఇక ఎస్సెమ్మెస్‌లు! పాత సర్వర్ తొమ్మిదికి పంపింది, కొత్తది మధ్యాహ్నం రెండున్నరకి అదే జాబితాకి మళ్లీ పంపింది. మధ్యలో బాకీ కట్టేసినవాళ్లకి కూడా. చిక్‌పేట బట్టల షాపాయన ఫోన్లో అన్న మాటలు ఇక్కడ రాయను.

అతను వచ్చి టైమ్‌జోన్ సరిచేశాడు, పాత సర్వర్ ఆపాడు. "దాంట్లో పాస్‌వర్డులున్నాయి, డిస్క్ తుడిచేయడం మంచిది" అన్నాడు. తుడిపించేశాం. ఇంతవరకైతే ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు, ఎవరికైనా జరిగేవే.

నెలన్నర తర్వాత మా ఆఫీసులోనే ఒకరు పొరపాటున ఆ క్లౌడ్ మిషన్‌ని డిస్కుతో సహా డిలీట్ చేశారు. తిట్టాను గానీ పెద్దగా టెన్షన్ పడలేదు. రోజూ రాత్రి ఆరు జీబీల టార్ ఫైలు (అన్నీ కలిపి కట్టిన బ్యాకప్ మూట) వేరేచోటికి వెళ్తోంది కదా అని ధీమా. కొత్త మిషన్‌లో దాన్ని విప్పాం. 31 జాబులూ వచ్చాయి, పాత లాగ్‌లతో (జాబులు నడిచిన రికార్డులతో) సహా. నడిపిస్తే ఒక్కటీ లోపలికి పోలేదు. బ్యాంకు ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లు భద్రంగా దించుకునే దారి), ఎస్సెమ్మెస్ గేట్‌వే, డేటాబేస్... ఎక్కడికి వెళ్లినా పాస్‌వర్డ్ తప్పు.

రాత్రి పదకొండింటికి కూర్చుని బ్యాకప్ స్క్రిప్ట్ తెరిచాను. టార్ కమాండ్‌లో ఎక్స్‌క్లూడ్ (అంటే వదిలేయ్) అని ఉంది, దాని పక్కనే సీక్రెట్స్ ఫోల్డర్ పేరు. జెంకిన్స్ మనం ఇచ్చిన పాస్‌వర్డులన్నీ క్రెడెన్షియల్స్ ఫైల్లో తాళం వేసి దాస్తుంది. ఆ తాళంచెవి సీక్రెట్స్ ఫోల్డర్‌లోని 'మాస్టర్ డాట్ కీ' ఫైలు. అందులో ఉండేది 256 అక్షరాలు. అది లేకుండా లేపితే జెంకిన్స్ కిక్కురుమనకుండా కొత్త తాళంచెవి తయారుచేసుకుంటుంది, పాత తాళాలు దానితో తెరుచుకోవు. ఆరు జీబీల్లో ముప్పాతిక వంతు ఎప్పటివో బిల్డ్ లాగ్‌లు. కావలసిన ఆ 256 అక్షరాలు మాత్రం లేవు.

అడిగితే "సెక్యూరిటీ కోసం అన్నా, డాక్యుమెంటేషన్‌లోనే ఉంది" అన్నాడు. వెళ్లి చూశాను, నిజమే. మాస్టర్ కీని మామూలు బ్యాకప్‌తో కలపొద్దనే ఉంది. విడిగా, భద్రమైనచోట దాచుకోమని కూడా దాని పక్కనే ఉంది. ఇతను మొదటి సగం చదివి ఆగిపోయాడు. పాత డిస్క్ తుడిపించిందీ ఇతనే! ప్యాకేజీలో ఇస్తానన్న మూడు నెలల సపోర్ట్ సంగతి ఎత్తితే అది ఫోన్ సపోర్ట్ మాత్రమేనట. ఆ తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు.

23 పాస్‌వర్డులు మళ్లీ పెట్టుకున్నాం. బ్యాంకు ఎస్‌ఎఫ్‌టీపీ కీ మార్చడానికి లెటర్‌హెడ్, సంతకం, స్టాంపు, బ్రాంచి చుట్టూ తిరుగుడు. తొమ్మిది రోజుల్లో ఎక్కువ భాగం అక్కడే పోయింది. జెంకిన్స్‌ని తప్పుపట్టడానికేం లేదు, అది చెప్పినట్టే పనిచేసింది.

మీరు ఎవరికిచ్చినా సరే, చివరి వాయిదా ఇచ్చేముందు మీ కళ్లముందే ఆ బ్యాకప్‌ని ఖాళీ మిషన్‌లో విప్పించండి. విడిగా దాచిన కీని కూడా అందులో పెట్టించండి. జెంకిన్స్‌ని లేపేముందు ఆ మిషన్‌కి బయటి నెట్ కట్ చేయించండి, లేకపోతే అది కూడా టైముకి జాబులు మొదలెట్టేసి కస్టమర్లకి మెసేజ్‌లు కొడుతుంది, మా సోమవారం లాగా. లేచాక పాస్‌వర్డ్ అవసరమయ్యే జాబు ఒకటి ఎంచుకుని, దానికి కావలసినంతే నెట్ ఇచ్చి, మీరే నడపండి. పచ్చ టిక్ చూసి తృప్తిపడకండి, కాపీ చేసిన పాత చరిత్ర కూడా పచ్చగానే కనిపిస్తుంది. మాకు చూపించినవి అవే. పాత డిస్క్ కనీసం మూడు నెలలు ఉంచండి, షెడ్యూళ్లు మాత్రం ఆపేసి.

అతని ప్రకటన పోయిన వారం ఇంకో గ్రూపులో కనిపించింది, 'జీరో డౌన్‌టైమ్ మైగ్రేషన్' అని. పేరు ఇక్కడ పెట్టను. మీకు ఎవరైనా అలాంటి కొటేషన్ ఇస్తే "సీక్రెట్స్ ఫోల్డర్ ఎక్కడ దాస్తావు తమ్ముడూ?" అని అడగండి. మా తాళంచెవి ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో, చెక్కుబుక్కుల పక్కన, బీరువా లాకర్లో ఉంది.