మిద్దె తోటకు చవకలో జీఐ (జింకు పూత ఇనుప పైపుల) పందిరి కిట్ కొంటున్నారా? ఇది చదివాకే డబ్బు కట్టండి

అనంతపురం, కడప, కర్నూలు వైపు మిద్దె మీదో పెరట్లోనో నాలుగు మొక్కలు పెంచుకునే వాళ్లందరికీ ఈ పోస్టు. "10 అడుగులు, 12 అడుగుల జీఐ పందిరి, 90 శాతం షేడ్ నెట్, వెల్డింగ్ అక్కర్లేదు, మీరే బిగించుకోవచ్చు, 6,900 రూపాయలే" అనే ప్రకటన ఎండలు మొదలైతే చాలు ఫోన్లో వదలకుండా కనిపిస్తుంది. నేను కొన్నాను. ఎండాకాలం ఎలాగో గడిచింది కానీ మన అనంతపురం ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు కదా, ఆ గాలికి పైపులు నడిమికి వంగిపోయాయి, నెట్ పేలికలైంది, ఒక పైపు నెట్‌తో సహా లేచి పోయి పక్కింటి మిద్దె మీద పడింది. సాయంత్రం పూట అక్కడ పిల్లలు ఆడుకుంటారు. డబ్బు సంగతి తర్వాత, ఆ పైపు పిల్లల మీద పడుంటే అన్న ఆలోచనే నన్ను నిద్రపోనివ్వలేదు.

అసలు మోసం పైపు దగ్గరే ఉంది. స్టీల్ షాపులో అంగుళం జీఐ పైపు అని అడిగితే ఇచ్చేదానికి బయటి కొలత అంగుళం కాదు, దాదాపు 33.7 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎందుకంటే అంగుళం అనేది లోపలి బోరును బట్టి పెట్టిన లెక్క. వీళ్లు పంపింది బయటి కొలతే 25 మిల్లీమీటర్లు ఉన్న పైపు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఇనుప పైపులకున్న భారత ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం అంగుళం పైపు ఎ క్లాస్ (పలచన రకం) అయితే మందం 2.6, బి క్లాస్ (మధ్య రకం) అయితే 3.2 మిల్లీమీటర్లు ఉండాలి. ఇవి గుర్తుండకపోయినా పర్లేదు, బరువు గుర్తుపెట్టుకోండి: 20 అడుగుల అంగుళం పైపు ఎ క్లాస్ సుమారు 12 కిలోలు, బి క్లాస్ 14 కిలోల పైన తూగుతుంది. నాకు వచ్చిన రకం 20 అడుగులకు లెక్కేస్తే నాలుగు కిలోల చిల్లర! బి క్లాస్‌తో పోలిస్తే మూడో వంతు ఇనుము కూడా లేదు. ఫోన్ చేసి అడిగితే "అది ఔటర్ సైజు సార్, మేం అబద్ధం చెప్పలేదు" అన్నారు. ప్రకటనలో ఆ మాట ఎక్కడుందో చూపించమంటే ఫోన్ పెట్టేశారు.

పైగా అది జీఐ కూడా కాదు. మామూలు నల్ల పైపుకు సిల్వర్ పెయింట్ కొట్టారంతే. గుడ్డకు కాస్త థిన్నర్ అద్ది తుడిచి చూడండి, పెయింట్ అయితే గుడ్డకు అంటుకొని వచ్చేస్తుంది. ఇంకో గుర్తు, పైపు చివర లోపలికి చూడండి. కరిగిన జింకులో ముంచి తీసిన పైపుకు లోపల కూడా పూత ఉంటుంది, నాకొచ్చిన దాని లోపలంతా తుప్పే.

ఇక నెట్. 120 జీఎస్ఎం అని రాశారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు అంటే దగ్గర దగ్గర 11 చదరపు మీటర్లు, అంటే నెట్ కిలో 300 గ్రాములైనా తూగాలి. మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెడితే అరకిలో దాటి కొంచెం, అంతే. యూవీ తట్టుకునే మందు కలపని దారం మన ఎండకు పెళుసుబారిపోతుంది, వేలితో నలిపితే పొడి రాలింది. అది పక్కన పెట్టినా అసలు టమాటా, వంగ, మిరపకు 90 శాతం నీడ ఎందుకండీ? అంత చీకట్లో మొక్క సాగిపోతుంది కానీ కాయదు. కూరగాయలకు 50 శాతం చాలు. 90 శాతం నెట్ అల్లిక చిక్కగా ఉండి గాలిని గొడుగులా పట్టేస్తుంది కాబట్టి పందిరి మీద లాగుడు కూడా ఎక్కువ.

బేస్ ప్లేట్లు, స్క్రూలు ఇచ్చి స్లాబుకు రంధ్రాలు వేసి బిగించుకోమంటారు. దయచేసి ఆ పని చేయకండి, వానాకాలం ఆ రంధ్రాల్లోంచే నీళ్లు దిగుతాయి. పెయింట్ డబ్బాల్లో కాంక్రీటు పోసి పైపు నిలబెట్టి, పైన పిట్టగోడకు క్లాంపులు వేసి కట్టుకోవచ్చు. నేల మీదైతే రెండడుగుల గుంత తీసి కాంక్రీటు వేయండి. ద్రాక్ష తోటలు తీసేసిన వాళ్ల దగ్గర పాత రాతి కూసాలు దొరికితే ఇంకా మేలు, వాటికి తుప్పు గొడవే లేదు. కరెంటు తీగలు దగ్గరగా ఉన్న మిద్దె మీద మాత్రం ఇనుప పైపు ఎత్తడానికే సాహసించకండి.

నేను ఇప్పుడు టౌన్లోనే బి క్లాస్ పైపు, డబ్బు ఇచ్చే ముందు కాటా వేయించి, నీలం గీత చూసి తెచ్చుకున్నాను (ఎ క్లాస్‌కు పసుపు, సి క్లాస్‌కు ఎరుపు ఉంటుంది). గాలి కాలం వచ్చే ముందు విప్పి చుట్టి పెట్టుకునేలా నెట్‌ను క్లిప్పులతో బిగించాను. ఖర్చు కిట్ కంటే ఎక్కువే అయింది, అబద్ధం చెప్పను.

ఇప్పటికే ఆర్డర్ పెట్టిన వాళ్లు పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, పైపును, నెట్‌ను కాటా మీద పెట్టి ఫొటో తీసుకోండి, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఎందుకంటే గొడవ మొదలవగానే వాళ్లు ప్రకటన మార్చేస్తున్నారు. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇవ్వమంటే ఏదో చీటీ ఫొటో పంపుతారు, ఒప్పుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నేను 1915లో ఫిర్యాదు పెట్టాను. ఇదే కిట్ కొని మోసపోయిన అన్నలు, అక్కలు ఉంటే కింద రాయండి, అందరి ఫొటోలు, బిల్లులు కలిపి కమిషన్‌కు ఇద్దాం.