విదేశీ ఆఫర్ లెటర్ చదివిపెట్టే కన్సల్టెంట్: ఫీజుకి తగ్గ పనేనా?

విదేశంలో ఉద్యోగం. ఆఫర్ లెటర్‌లో అంకె ఇప్పటి జీతానికి దాదాపు రెట్టింపు. సంతకానికి నాలుగు రోజుల గడువు. సంతోషం ఉన్నా లోపల ఏదో టెన్షన్. అందుకే ఇలాంటి జీతాల బేరాల్లో సలహా ఇచ్చే ఒక కన్సల్టెంట్‌తో గంట వీడియో కాల్ బుక్ చేసుకున్నాను. ఫీజు నా ఒక రోజు జీతం కంటే కాస్త ఎక్కువ.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఇది గ్రాసా (పన్నులు కోయకముందు జీతం), చేతికొచ్చేదా?" నాకు తెలీదు, లెటర్‌లోనూ లేదు. స్క్రీన్ మీద ఒక పట్టిక తెరిచారు. ఎడమ పక్క ఇక్కడి ఖర్చులు, కుడి పక్క అక్కడివి: పన్ను, అద్దె, బడి, ఆరోగ్య బీమా. దీన్ని బ్యాలెన్స్ షీట్ పద్ధతి అంటారు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగిని వేరే దేశానికి పంపేటప్పుడు, ఇక్కడి జీవన స్థాయి అక్కడ తగ్గకుండా ఇలాగే లెక్క కడతాయి. పాప బడి ఫీజు వేసేసరికే ఆ రెట్టింపు సగం కరిగిపోయింది. తర్వాత "మీవారి జీతం?" అన్నారు. జీవిత భాగస్వామిని పని చేయనిస్తారా లేదా అన్నది ఆ దేశపు వీసాని బట్టి ఉంటుంది. ఆయన జీతం ఆగిపోతుందన్న మాట నా లెక్కలోకే రాలేదు. ఆ గడిలో సున్నా పడ్డాక కాసేపు నాకు మాట రాలేదు.

జీతాన్ని మారకం రేటుతో గుణించి రూపాయల్లో చూసుకోవడం మానేసి, అక్కడి ఖర్చులతో పోల్చుకోమన్నారు. నంబియో అనే వెబ్‌సైట్‌లో న్యూయార్క్‌ని 100గా పెట్టుకుని ఊళ్ల ఖర్చులు పోలుస్తారు కదా, అవి జనం ఇచ్చిన ధరలు కాబట్టి అద్దెకి మాత్రం ఆ ఊరి ప్రకటనలే చూడమన్నారు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఏడో పేజీలోని ఒక వాక్యం. "రెండేళ్లలోపు ఉద్యోగం ముగిస్తే తరలింపు ఖర్చులు తిరిగి చెల్లించాలి." ఆవిడ దాని కింద గీత గీసి, "ఎవరు ముగిస్తే?" అన్నారు. కంపెనీ నన్ను తీసేసినా నేనే కట్టాలన్నమాట! హెచ్ఆర్‌కి రాస్తే "ఉద్యోగి తానుగా రాజీనామా చేస్తే" అని మార్చారు, పనిచేసిన ప్రతి నెలకీ ఆ బాకీ తగ్గేలా కూడా రాశారు. మూల జీతం ఒక్క మెట్టు కూడా కదల్లేదు. కానీ బడి ఫీజు, మొదటి మూడు నెలల అద్దె, ఏడాదికోసారి ఇంటికి వచ్చి వెళ్లే టికెట్లు ఇచ్చారు.

లోపాలూ ఉన్నాయి. మర్నాడే ఇస్తామన్న రిపోర్టు మూడో రోజు సాయంత్రం వచ్చింది. నాలుగు రోజుల గడువున్న మనిషికి అది చాలా పెద్ద ఆలస్యం. రెండు దేశాల పన్నుల సంగతి అడిగితే, అది వేరే నిపుణుడు చూడాలన్నారు. నిజమే, కానీ డబ్బు కట్టించుకునే ముందే చెప్పాల్సింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆవిడ దగ్గరికి వెళ్లేవాళ్లు ఆఫర్ లెటర్ మొత్తం పంపండి. నేను జీతం ఉన్న మొదటి పేజీ ఒక్కటే పంపబోయి ఆగాను.