పాత టీషర్టులతో ఏం కుట్టుకుంటే మేలు: గౌనా, టాపా, బొంతా?

మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో బీరువా తెరిచినా ఒక అర నిండా పాత టీషర్టులే. సంక్రాంతి క్రికెట్ పోటీల్లో ఇచ్చినవి, ఎన్నికలప్పుడు పంచినవి, కువైట్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చినవి, పిల్లాడు హాస్టల్ నుంచి మూటగట్టి తెచ్చి పడేసినవి. పాత చీరంటే బొంతలోకి పోతుంది. పాత పంచె ఉంటే చంటిపిల్లల పక్కబట్టకు దాచుకుంటాం. టీషర్టుకే ఏ దారీ లేదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ కూడా వాటిని పక్కకు నెట్టేసి, "చీరలేమన్నా ఉన్నాయేటండీ?" అంటుంది.

ఇంట్లో కుట్టు మిషన్ ఉన్నవాళ్ళకు నాలుగు దారులున్నాయి: చిన్నపిల్లల బట్టలు, మనకే ఒక టాపు, బొంత, లేదా పీలికలుగా కోసి అల్లిక. నా ఓటు పిల్లల గౌనుకే. దానికి కారణం గుడ్డలోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

టీషర్టు గుడ్డ మగ్గం మీద నేసింది కాదు, మిషన్ మీద అల్లింది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోతారు కాబట్టి అది సాగుతుంది, అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ. మామూలు దారంతో తిన్నగా వేసిన కుట్టు మాత్రం అంతగా సాగదు. తల దూర్చేటప్పుడు మెడ సాగాలి, చెయ్యి దూర్చేటప్పుడు చేతి అంచు సాగాలి. గుడ్డ సాగి కుట్టు సాగకపోతే దారం టప్పున తెగుతుంది. టీషర్టు కింది అంచును తిరగేసి చూడండి. పైన రెండు వరసల కుట్టు, లోపల గొలుసులా అల్లిన దారం. సాగినా తెగకూడదనే ఫ్యాక్టరీలో దానికోసం వేరే మిషన్ పెడతారు. మన నల్ల కాలు మిషన్ మీద ఆ కుట్టు రాదు. అందుకే ఫ్యాక్టరీ వేసిన అంచులను ఎంత ఎక్కువగా ఉంచేసుకుంటే పని అంత తేలిక, బట్ట అంత మన్నిక. నాలుగు దారుల్నీ నేను ముందు ఈ లెక్కతోనే తూచాను.

పిల్లల గౌనును చూడండి. పెద్దవాళ్ళ ఎల్ సైజు టీషర్టు ఒళ్ళు చుట్టూ కొలిస్తే సుమారు 42 అంగుళాలు ఉంటుంది. నాలుగైదేళ్ళ పాపకు ఛాతీ 23 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే దాదాపు రెండింతల గుడ్డ చేతిలో ఉంది. చంకల కింద నుంచి అడ్డంగా కోసేస్తే కింద మిగిలేది గొట్టం లాంటి ముక్క. కింది అంచు ఎలాగూ ఫ్యాక్టరీ కుట్టిందే, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పై అంచును అంగుళం మడిచి, మిషన్ మీద చుట్టూ తిన్నగా ఒక కుట్టు వేసి, చిన్న సందు వదిలి అందులోంచి ఎలాస్టిక్ లాగితే గౌను ఒళ్ళు తయారు. ఇక్కడ తిన్నటి కుట్టు ఎందుకు తెగదంటే, గుడ్డ కుచ్చులుగా ఉంది. పాప తల దూర్చినప్పుడు కుచ్చులు విప్పుకుంటాయి తప్ప గుడ్డ సాగాల్సిన పని లేదు. భుజాల మీదికి పట్టీలు కావాలంటే పైభాగంలో మిగిలిన గుడ్డ ఉంది. అంగుళంన్నర వెడల్పు పీలికలు అడ్డంగా కోసి రెండు చివర్లూ పట్టి లాగితే వాటంతటవే చుట్టుకుని తాడులా అయిపోతాయి. మడత పెట్టి కుట్టే పని కూడా లేదు.

ఇంకో లాభం ఏంటంటే, పాత టీషర్టు ఎన్నోసార్లు ఉతికేసి ఉంటుంది కాబట్టి ఇంక కుంచించుకుపోదు. కొత్త నూలు గుడ్డ కొని గౌను కుడితే రెండు ఉతుకులకే పొట్టి అయ్యే గొడవ ఉంటుంది, దీనికి లేదు. పైగా మెత్తబడిపోయి ఉంటుంది. మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయిన రాత్రి పాపకు ఇంతకంటే హాయైన బట్ట బజార్లో దొరకదు.

చేతులు కూడా పారేయకండి. ఏడాది పిల్లాడికి రెండు చేతులూ కలిపితే చెడ్డీ అవుతుంది. చేతి అంచు కాలి అంచు అవుతుంది, చంక దగ్గర వంపుగా కోసిన చోటు రెండు కాళ్ళ మధ్య కలుస్తుంది, నడుముకు ఎలాస్టిక్ వేస్తే సరి. చంక కింద పసుపుపచ్చగా మరకపడి పలచబడిన గుడ్డ మాత్రం కత్తిరించి తీసేయాల్సిందే. అది ఉతికినా పోదు, కుట్టినా నిలవదు.

మనకే టాపు కుట్టుకోవడం ఇంత సుఖం కాదు. మగవాళ్ళ టీషర్టును పక్కల్లో లోపలికి తీసి, పొడుగు తగ్గించి, మెడ వెడల్పు చేసుకుంటే బాగుంటుందని వీడియోల్లో చూపిస్తారు. పక్కల్లో తీయడం నిజంగానే తేలిక. నిలువు కుట్టు మీద లాగుడు తక్కువ పడుతుంది కాబట్టి కాలు మిషన్ కుట్టు నిలుస్తుంది. మెడ దగ్గరకొచ్చేసరికే అసలు తంటా. మెడ చుట్టూ ఉండే సాగే పట్టీని (రిబ్బు) కత్తిరించేసి మెడ పెద్దది చేస్తే, మళ్ళీ దాన్ని మడిచి కుట్టాలి. తిన్నటి కుట్టు వేస్తే మెడ అలలు అలలుగా లేస్తుంది, తల దూర్చగానే తెగుతుంది. కుట్టకుండా వదిలేస్తే అంచు చుట్టుకుపోతుంది. చూడ్డానికి అది ఫ్యాషనే అంటే సరే, ఇంట్లో వేసుకోవచ్చు. భుజాలు జారకుండా లోపల చీర ఫాల్‌లో మిగిలిన సన్నటి నూలు పట్టీ పెట్టి భుజం కుట్టుతో కలిపి కుట్టేస్తే సాగకుండా ఆగుతుంది. ఇంత చేసినా అది ఇంట్లో తిరిగే బట్టే, పెళ్ళికి కట్టుకుని వెళ్ళేది కాదు. అంతకంటే ఆ టీషర్టును అలాగే నైట్ డ్రెస్‌గా వేసుకుంటే పోయె, కుట్టడం ఎందుకు అని నా అభిప్రాయం.

ఇక బొంత. పాత చీరల బొంత మనకు తెలిసిందే కాబట్టి టీషర్టులతో కూడా కుట్టచ్చనే అనిపిస్తుంది, కుట్టచ్చు కూడా. ముందు భాగంలోంచి 15 అంగుళాల చదరాలు 24 కోసి, నాలుగు అడ్డం ఆరు నిలువు కలిపితే, అర అంగుళం చొప్పున కుట్లలోకి పోగా 56 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు వస్తుంది. ఒక మనిషి పక్కకు సరిపోతుంది. ముక్కలన్నీ సాగే గుడ్డే కాబట్టి కలిపేటప్పుడు ఒకటి పెద్దదై ఇంకోటి చిన్నదవుతుంది. కింద పాత నూలు చీర పరిచి దానికి పట్టించి కుట్టుకుంటే కదలవు. చేతి సూదితో దూరం దూరంగా వేసే బొంత కుట్టే దీనికి మంచిది.

బొంతతో నాకున్న పేచీ కుట్టడంలో కాదు, ఉతకడంలో. టీషర్టు గుడ్డ నీళ్ళు బాగా పీలుస్తుంది, సన్న నూలు చీర ఆరినంత తొందరగా ఆరదు. ఆషాఢం మొదలుకుని కార్తీకం దాకా మన డెల్టాలో గాలే తడిగా ఉంటుంది. దండెం మీద బొంత రెండు రోజులున్నా మధ్యలో చెమ్మ పోదు, తర్వాత ముక్కిన వాసన పట్టుకుంటుంది. చీరల బొంతకూ ఈ తిప్పలు కొంత ఉన్నాయి గానీ ఇంత కాదు. పిల్లాడి కాలేజీ టీషర్టు, నాన్నగారు వేసుకున్నది, ఇలా పారేయలేనివి ఉంటే బొంత కుట్టండి, వేసవిలో ఉతకండి. ఊరికే గుడ్డ వాడేయడానికైతే వద్దు.

నాలుగో దారికి మిషన్ కూడా అక్కర్లేదు. నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లడం వచ్చిన ఆడవాళ్ళు ఇప్పటికీ ఎంతోమంది ఉన్నారు. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న ఆ పనికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. ఆ చెయ్యి తిరిగినవాళ్ళకు టీషర్టు తాడు అల్లడం చాలా తేలిక, కొక్కెం సూది ఒక్కటే మారాలి. లేసుకు సన్నటి సూది, దీనికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల లావు సూది. సైడు కుట్టు లేని టీషర్టు ఒళ్ళును అంగుళం వెడల్పున చుట్టుకుంటూ తెగకుండా కోస్తే, 42 అంగుళాల చుట్టుకొలతకు 16 వరసలు వచ్చినా 17 మీటర్ల తాడు. దాంతో గుమ్మం ముందు వేసే పట్టా అల్లుకోవచ్చు. వానాకాలం తడికాళ్ళకు అది బాగా పనిచేస్తుంది. కానీ మనం మొదలుపెట్టింది బట్టల కోసం కాబట్టి దీన్ని రెండో స్థానంలో పెడతాను. గౌనుకు పనికిరాని టీషర్టు ఇటు రావాలి.

ఏది దేనికి అని విడదీసేముందు గుడ్డ ఏమిటో చూసుకోవాలి. లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, పట్టకారతో పట్టుకుని నిప్పుకు చూపండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. టోర్నమెంట్ టీషర్టుల్లో పాలిస్టర్ ఎక్కువ. చెమట పీల్చదు కాబట్టి పాప గౌనుకు వద్దు, నీళ్ళు పీల్చదు కాబట్టి పట్టాకు కూడా వద్దు. కూరగాయల సంచి కుట్టుకోండి. ఛాతీ మీద రబ్బరులా దళసరిగా అచ్చు ఉంటే ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టకండి, కరిగి అంటుకుంటుంది. తిరగేసి చేయండి.

వీటికోసం జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పోయే కుట్టు) వేసే కరెంటు మిషన్ కొనాలా అంటే, ఒక్క టీషర్టుల కోసమైతే వద్దంటాను. గౌనుకు, చెడ్డీకి కాలు మిషనే చాలు. మెడ కుట్టక తప్పని బట్ట ఏదైనా ఉంటే, చీరలకు ఫాల్, జిగ్‌జాగ్ వేసే కొట్టు ప్రతి సెంటర్లోనూ ఉంటుంది. వాళ్ళ చేత అంచు వేయించుకోవచ్చు. కొందరు "సాగే గుడ్డ మా వల్ల కాదండీ" అంటారు, ముందే అడిగి వెళ్ళండి.

కాలు మిషన్ మీద మొదటి ఇబ్బంది కుట్టు తప్పడం. గుడ్డ సూదితో పాటు పైకి లేస్తుంది, కింద దారాన్ని ముడివేసే షటిల్‌కు పై దారం అందదు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం మీద ఒత్తిడి మరను కొంచెం వదులు చేయండి. గుడ్డ కింద పలచటి తెల్ల కాగితం పెట్టి కాగితంతో సహా కుట్టి, తర్వాత చింపేయండి. తెల్ల బట్టకు న్యూస్ పేపర్ పెడితే సిరా అంటుతుంది. గుడ్డను చేత్తో వెనక్కి లాగకండి, పాదం కింది పళ్ళు తీసుకున్నంతే వదలండి. నూలు దారం కంటే పాలిస్టర్ దారం కాస్త సాగుతుంది కాబట్టి అదే వేయండి. ఇవన్నీ చేసినా మామూలు మొన సూది ఉచ్చును పొడిచి తెంపుతుంది, నాలుగు ఉతుకుల తర్వాత కుట్టు పక్కన చిన్న చిన్న చిల్లులు తేలతాయి. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది ఉచ్చుల మధ్యలోంచి జారి వెళ్తుంది. టీషర్టు గుడ్డకు 11 గానీ 14 గానీ నంబరు సరిపోతుంది. కొట్టుకు వెళ్ళేటప్పుడు మీ మిషన్లో ఉన్న పాత సూది విప్పి తీసుకెళ్ళండి, కొన్ని మిషన్లకు చదును కాడ సూది, కొన్నింటికి గుండ్రటి కాడ సూది పడుతుంది.