టెలి మానస్ 14416: లంక ఊళ్ల బాలింతలకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

గోదావరి మధ్యనున్న లంక ఊరి నుంచి పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే తోడొచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. అందుకే 2022 అక్టోబరులో వచ్చిన ఈ ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ, కాన్పు తర్వాత మనసు కుంగిపోయిన పేదింటి బాలింతకు నిజంగా విలువైనది. కీప్యాడ్ ఫోను చాలు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదట కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు.

చిక్కల్లా ఫోను ఎవరి చేతిలో ఉందన్నదే. అత్తగారో ఆడపడుచో పక్కనుంటే ఆ పిల్ల "బానే ఉన్నానండి" అనేస్తుంది. ఆశా కార్యకర్తలు కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ ఇంటికి వస్తారు. మూడో రోజుకో ఐదో రోజుకో మొదలయ్యే ఏడుపు, చిరాకు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతాయి. తగ్గలేదంటే 21వ రోజున బిడ్డ బరువు చూశాక, మిగతావాళ్లను కాసేపు బయటికి పంపి ఆశాయే నంబరు కలిపివ్వడం మేలు.

ఫోనులో కౌన్సెలర్‌తో "నీరసంగా ఉందండి" అని ఊరుకుంటే సంగతి రక్తహీనత దగ్గరే ఆగిపోతుంది. కాన్పయి ఎన్ని రోజులైందో ముందు చెప్పాలి. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదా, అన్నం సయిస్తోందా, చచ్చిపోవాలనో బిడ్డను ఏమైనా చేయాలనో అనిపిస్తోందా, అన్నీ దాచకుండా చెప్పాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాలి. ఆ లోపాలున్నా నీరసం, దిగులు లాంటివి కనిపిస్తాయి.

బొత్తిగా నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ తనది కాదంటుంటే మాత్రం 14416 సరిపోదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి రోజులు పోగొట్టకండి, వెంటనే 108కి చేయండి. బిడ్డను ఆమె దగ్గర ఒంటరిగా వదలకండి. ఆసుపత్రిలో చేరిస్తే బిడ్డను లాగేసుకుంటారని భయపడతారు. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

వారం వారం కట్టే అప్పు కిస్తీ, మొగుడి తాగుడు కౌన్సెలర్ మాటలతో తీరేవి కావు. కొడుతుంటే మహిళల సహాయ నంబరు 181 ఉంది. మొదటి కాన్పుకు రావాల్సిన కేంద్ర పథకం మాతృవందన 5,000 రూపాయలు ఖాతాలో పడ్డాయో లేదో అంగన్‌వాడీలో అడగాలి.

మందులు రాస్తే పాలిస్తున్నట్టు డాక్టరుకు ముందే చెప్పాలి. సెర్ట్రలిన్ లాంటి కుంగుబాటు మందులు పాలిచ్చే తల్లులకూ ఇస్తారు. గుణం కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు పని చేయలేదనో, తర్వాత కాస్త తేరుకున్నామనో సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆ మందుబిళ్లల కోసం మాత్రం మళ్లీ బస్సెక్కక తప్పదు. ఫోను సేవ తీర్చలేని పెద్ద లోటు ఇదే.