సీస్టార్ ఎస్50: వీధిదీపాల మధ్య నెబ్యులాల వేట
సీస్టార్ ఎస్50 ఆకాశాన్ని ఫొటోలు తీసే చిన్న స్మార్ట్ టెలిస్కోపు. 50 ఎంఎం కటకం, 250 ఎంఎం ఫోకల్ లెంగ్త్. అంకెలు చూస్తే ఆటబొమ్మే. అసలు బలం లోపలున్న డ్యూయల్‌బ్యాండ్ ఫిల్టర్: నెబ్యులాల్లోని (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) వాయువులు వెదజల్లే హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్-3 కాంతిని పోనిచ్చి, వీధిదీపాల వెలుగును చాలావరకు ఆపేస్తుంది. లగూన్ నెబ్యులాకి అది తప్పనిసరి. కృత్తికల నీలిమేఘానికి మాత్రం తీసేయాలి; అక్కడ ధూళి మీద పడి మెరిసేది నక్షత్రాల వెలుగే, ఫిల్టర్ దాన్నీ చాలావరకు ఆపేస్తుంది కదా!

ముందు ట్రైపాడ్ మట్టం సరిచూడండి. 10 సెకన్ల ఫ్రేములతో (ఒక్కో ఫొటో ఒక ఫ్రేము) మొదలుపెట్టండి. 20కి పెంచితే ఆల్ట్-అజిమత్ మోడ్‌లో (టెలిస్కోపు పైకీకిందకీ, పక్కలకీ తిరిగే పద్ధతి) చుక్కలు సాగి, పారేయాల్సిన ఫ్రేములు పెరుగుతాయి. నడినెత్తిన మరీను, ఫీల్డ్ రొటేషన్ (ఫ్రేములో ఆకాశం మెల్లగా తిరగడం) అక్కడే ఎక్కువ. రెండు గంటలు, అంటే 720 ఫ్రేములు, పోగైతేగానీ గరుకుదనం తగ్గదు. రోజెట్ నెబ్యులా ఒక్క ఫ్రేములో పట్టదు. మొజాయిక్ (పక్కపక్క భాగాలు తీసి అతికించే పద్ధతి) వాడాలి, దానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి.